నెత్తి మీద ఏం పడ్తది

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ రోజు మంచిర్యాల వెళ్లి నా రోడ్డు సైకిల్‌కి కావలసినవి కొన్నాను.

దుకాణం అన్న ముందు బూటు ఇరికించుకునే రకం పెడళ్లు చూపించాడు. "గీటికి బూట్లు గూడ వేరే కొనాలె చెల్లె," అన్నాడు. వద్దని, పాదం జారకుండా పళ్లున్న మామూలువి తీసుకున్నాను. బూట్లకు అడుగు వంగకుండా ఉంటే చాలు. నీ డ్యూటీ బూట్లు తుడిచి పెరిగినదాన్ని, ఆ మాత్రం తెలుసు. మిగిలిన డబ్బంతా హెల్మెట్‌కే పెట్టాను. ఒక్కోదాని పట్టీ బిగించి తల విదిలించి చూస్తే నాలుగోది కదల్లేదు.

బొగ్గు బాయిలోకి దిగేముందు నువ్వూ నీ హెల్మెట్‌ని అట్లాగే చూసుకునేవాడివట. లోపల ఒక్కనాడూ తీయనివాడివి, పైకి రాగానే దాన్ని సైకిల్ హ్యాండిల్‌కి తగిలించేవాడివి. ఎందుకని అడిగితే నవ్వావు.

"రోడ్డు మీద నెత్తి మీద ఏం పడ్తది బిడ్డా?"

ఏమీ పడలేదు. షిఫ్టు దిగి వస్తూ మలుపులో నువ్వే పడ్డావు. హ్యాండిల్‌కున్న హెల్మెట్ మీద గీత కూడా లేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

రేపు పొద్దున ఆ మలుపు దాటి గోదావరి వంతెన దాకా తొక్కుతాను. సైకిల్ మాటెత్తితేనే లేచి అవతలికి వెళ్లే అమ్మ, ఇందాక కొత్త హెల్మెట్‌ని తిప్పి తిప్పి చూసింది.

"దీన్ని యాడ తగిలిస్తవ్?"

"నెత్తికే."

పట్టీ తనే బిగించింది.