సంతకం పడని క్షమాభిక్ష

లండన్, మంగళవారం

చెల్లి తబితకు,

నీ భర్త సైలస్‌ను ఉరి నుంచి తప్పించే క్షమాభిక్ష కాగితం నా చేత్తోనే రాశాను. మంత్రిగారు చదివి, భోంచేసి వచ్చి సంతకం పెడతానన్నారు. ఆ మధ్యాహ్నమే ప్రభుత్వం పడిపోయింది. ఆయన రాజముద్రలు రాజుగారికి తిరిగిచ్చేసి పల్లెలోని తన ఇంటికి వెళ్లిపోయారు. కొత్త మంత్రి వచ్చి ఆ ముద్రలు అందుకునేదాకా మా కార్యాలయంలో ఏ కాగితమూ కదలదు.

“సోమవారం లోపైనా ఎవరో ఒకరు వస్తారా?” అని పెద్ద గుమాస్తాను అడిగాను.

“పెద్దమనుషుల బేరాలు అంత తొందరగా తెగుతాయటయ్యా? పోయినసారి మూడు వారాలు పట్టింది” అన్నాడు.

ఉరి సోమవారమే. నేను రోజూ ఆ కాగితం దుమ్ము దులిపి, మళ్లీ మంత్రిగారి బల్ల మీదే పెడుతున్నాను.

లండన్ రానా అని అడిగావు. వచ్చేయమ్మా. సోమవారం తొడుక్కోవడానికి అతని పెళ్లినాటి చొక్కా ఉతికి తీసుకురా.

అన్నయ్య