పెద్ద ముక్క తీసుకున్న మనవడికి

నా కొత్త మనవడికి తాత దీవెనలు.

నీకు తల నెరిసినా సరే, నువ్వు నాకు మనవడివే. ఎలాగంటావా? చనిపోయిన తమ మనిషి కాలేయాన్ని ఎవరో పుణ్యాత్ములు ఇస్తే, డాక్టర్లు దాన్ని రెండు చేశారు కదా. పెద్ద ముక్క నీకు, చిన్న ముక్క మా ఆరేళ్ళ మనవరాలికి. అందుకని నువ్వు దానికి అన్నయ్యవని అదే ఖాయం చేసింది. నాతో వాదించు గానీ దానితో పెట్టుకోకు.

ఇది రెండో ఉత్తరం. మొదటిదాంట్లో పేరూ ఊరూ, ఇంటి గుర్తులూ అన్నీ రాశానని నర్సమ్మ చీవాట్లు పెట్టి వెనక్కిచ్చింది.

"ఎవరు ఎవరో తెలియకూడదు తాతా, అది రూలు" అంది.

"పోనీ నీ పేరు చెప్పు, తిట్టుకోడానికి పనికొస్తుంది" అన్నాను.

"అదీ చెప్పను పో" అంది.

అసలు సంగతి విను! రెండేళ్ళుగా పసుపు ముద్దల్లా ఉన్న పిల్ల కళ్ళు ఇవాళ పొద్దున తెల్లగా ఉన్నాయయ్యా! మా కోడలు తెల్ల దిండు గలీబుతో పోల్చి మరీ చూసుకుంది. ముక్క బాగా పనిచేస్తోందనీ, పెరుగుతోందనీ పెద్ద డాక్టరు చెప్పాడు. నీదీ పెరుగుతుందట, సంబరపడు!

ఒక్కటే చిక్కు. మీరిద్దరూ మాత్రలు జీవితాంతం మానకూడదట. ఈ పిల్లేమో పూటపూటా "అన్నయ్య వేసుకున్నాడా?" అని అడిగి గానీ నోరు తెరవదు. "ఓ, ఎప్పుడో మింగేశాడు" అని నేను బొంకుతున్నాను.

పొద్దున ఎనిమిదికీ, రాత్రి ఎనిమిదికీ నా బొంకు నిజం చేసిపెట్టు నాయనా.

నర్సమ్మకి భయపడి పేరు రాయని,
మీ తాత