మడిచీర కొంగు

మొఘల్‌పురా,
శుక్రవారం మధ్యాహ్నం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి పూజితకు అత్తమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేమందరం బాగున్నాం. పుణెలో నువ్వు వేళకు తింటూ, ఒంట్లో బాగుండాలని రోజూ దీపం పెట్టేటప్పుడు అనుకుంటున్నాను. అందరం బాగున్నామని రాశాను కానీ, నీ కూతురు కీర్తిప్రియనూ నన్నూ ఆ లెక్కలో కలపకు. మా సంగతి కింద రాస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటని మీ మామయ్య వేళాకోళం చేస్తున్నారు. ఆయనకేం తెలుసు! నాకు చెవులు మందగించినప్పటి నుంచీ ఫోన్ స్పీకర్‌లో పెట్టక తప్పదు. అత్తాకోడళ్ళం మాట్లాడుకున్నదంతా కింద కొట్లో కుంకుమ కొనడానికి వచ్చినవాళ్ళ దాకా వినిపిస్తుంది. ఇవాళ నేను రాయబోయేది వాళ్ళెవ్వరూ వినకూడదు. వీడియోలో నీ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం కూడా నాకు లేదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. మామయ్య బీపీ గోలీ రోజూ వేసుకుంటున్నారు. నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేసే వేషాలు ఇప్పుడు సాగడం లేదు, నోరు తెరిపించి చూస్తున్నాను. శ్రవణ్ తెల్లవారకముందే గుడిమల్కాపూర్ వెళ్ళి కొట్టుకు పూలు తెస్తున్నాడు. బతుకమ్మ దగ్గర పడింది కదా, పసుపు, అగరొత్తుల గిరాకీతో తండ్రీకొడుకులకు ఊపిరి తిరగడం లేదు. మిద్దె మీద నీ మల్లెమొక్క మాత్రం ఎండిపోయింది. నీళ్ళు పోయడం నేనే మరిచిపోయాను.

ఇక నీ చివరి ప్రశ్న. "నేను ఇడిసిపెట్టి వచ్చినందుకే నా బిడ్డకు గిట్లయిందా అత్తమ్మా? నెలాఖరు లోపల చెప్తే ట్రైనింగ్ నుంచి తప్పుకోవచ్చంటున్నరు. వచ్చేస్త. బ్యాంకు నౌకరీ లేకపోతే లేకపాయె" అని రాశావు. ఆ పేజీలో రెండు చోట్ల సిరా అలుక్కుపోయి ఉంది. ఆ మరకలు చూసినప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆరేళ్ళు పరీక్షలు రాశావు. ఒక చేత్తో కూర కలుపుతూ, ఇంకో చేత్తో పుస్తకం తిప్పుతూ చదివావు. ఆ ఉద్యోగం నా మూలంగా పోతే నేనింక నీకు ముఖం చూపించలేను.

కీర్తికి ఏమైందో ఇప్పటి దాకా నీకు ముక్కలు ముక్కలుగా రాశాను. ఈసారి మొత్తం రాస్తాను. నువ్వు వెళ్ళేనాటికి అది కమోడ్ మీద తన చిన్న సీటు పెట్టించుకుని, పని కాగానే "కక్క అయిపోయింది!" అని వాడకట్టంతా వినేలా అరిచేది. మూడున్నరేళ్ళకే నువ్వంత చక్కగా అలవాటు చేశావు. ఇప్పుడు సుస్సుకు దానంతట అదే వెళ్తోంది. కక్క వచ్చిందంటే మాత్రం ముఖం పాలిపోతుంది. ప్రయాణాల కోసం నువ్వు దాచిన పాత డైపర్ల ప్యాకెట్ ఈడ్చుకొస్తుంది. తొడిగితే వెళ్ళి బియ్యం డబ్బా వెనక నిలబడి, మనకు వీపు పెట్టి, గప్‌చుప్‌గా పోతుంది. తొడగకపోతే కాళ్ళు మెలివేసుకుని, పిడికిళ్ళు బిగించి ఆపుకుంటుంది. ఒకసారి నాలుగు రోజులు ఆపుకుంది. ఐదో రోజు వచ్చేసరికి గట్టిపడి, నెత్తురు చార కనిపించింది. ఆ నొప్పితో ఉన్న భయం రెండింతలైంది.

అప్పుడే శ్రవణ్ మమ్మల్ని సైదాబాద్‌లో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. కడుపు మెత్తబడడానికి మందు రాసి, ఆమె నెమ్మదిగా చెప్పింది. "డైపర్ గుంజుకోకండమ్మా. అడిగితే ఇయ్యండి. కానీ బాత్రూంలనే పోవాలె అనండి. ఆ గది అలవాటైనంక డైపర్‌తోనే సీటు మీద కూసోబెట్టండి. తర్వాత దాన్ని వదులు చేయండి, ఇంకొన్ని రోజులకు తీసి సీట్ల పరవండి. కాళ్ళు గాల్ల వేలాడకుంట కింద పీట పెట్టండి. తిట్టుడు, తొందరపెట్టుడు వద్దు." అన్నీ చెప్పి చివరికి అడిగింది. "ముందు మంచిగనే పోయేదంటున్నరు గద. నడుమల ఏమన్న జరిగిందా?"

"ఏం జరగలె. తల్లి మీద బెంగ పెట్టుకున్నది" అన్నాను.

శ్రవణ్ నిజమే కాబోలని తలూపాడు. నా ఒళ్ళో ఉన్న కీర్తి మాత్రం తలెత్తి నా ముఖంలోకి చూసింది. ఆ చూపుకు నా తల కొట్టేసినట్టయింది. అయినా ఇంటికొచ్చి అదే అబద్ధం నీకూ రాశాను. నువ్వు దాన్ని నమ్మి ఉద్యోగం వదులుకోబోతున్నావు.

పూజితా, కీర్తి నీ మీద బెంగతో ఇలా కాలేదు. నా వల్ల అయింది.

శ్రావణమాసం రెండో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం చేసుకున్నామని, పాయసం బాగా కుదిరిందని రాశానే, ఆ రోజు జరిగింది. తలస్నానం చేసి, ఎవరూ తాకకుండా విడిగా ఆరేసిన ఎర్రంచు చీర కట్టుకుని మడితో పూజకు కూర్చున్నాను. వాయనానికి వచ్చిన ముత్తైదువులు పది పన్నెండు మంది చుట్టూ ఉన్నారు. మగవాళ్ళిద్దరూ కింద కొట్లో ఉన్నారు. కీర్తికి నువ్వు కొన్న ఆకుపచ్చ పట్టులంగా తొడిగాం. పొద్దుటి నుంచీ బూరెలు, పాయసం అని ఎవరు పడితే వాళ్ళు దాని నోట్లో పెడుతూనే ఉన్నారు. కలశానికి హారతి ఇస్తుండగా "నానమ్మా, కక్క!" అంటూ పరుగెత్తుకొచ్చింది. నేను "ఆగు, ఆగు" అంటూనే ఉన్నాను. పాపం, ఎంతసేపని ఆగుతుంది? పట్టులంగాలోనే అయిపోయింది. భయపడి నా కొంగు పట్టుకోబోయింది.

నేను పామును చూసినట్టు వెనక్కి గెంతాను. "ఛీ ఛీ! ముట్టకు! దూరం పో!" అని అరిచాను. అప్పటికే కొంగు దాని పిడికిట్లో ఉంది. దాని వేళ్ళు విడదీస్తే నా చేతులు మైలపడతాయని, చీరను ఒక్క గుంజు గుంజాను. పిల్ల వెనక్కి పడింది. ముత్తైదువుల్లో వాసవాంబ ముక్కు మూసుకుని "అయ్యో, లక్ష్మీదేవికి ఏం నైవేద్యం పెట్టిందే నీ మనవరాలు!" అంది. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. దాన్ని పెరట్లో కొళాయి దగ్గర నిలబడమని వేలితో చూపించి, మళ్ళీ స్నానం చేసి వచ్చి హారతి పూర్తి చేశాను.

అందరివీ పట్టుచీరలే, ఎవరూ దాన్ని ఎత్తుకోలేదు. నా జాకెట్టు కుట్టి ఇవ్వడానికి వచ్చి గుమ్మం బయట నిలబడ్డ పక్కింటి మున్నీ లోపలికి వచ్చి, దాన్ని ఎత్తుకుని కడిగింది. తన దుపట్టాతోనే తుడిచింది. నాకు అదంతా కనిపిస్తూనే ఉంది. నా నోట మంత్రం ఆగలేదు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక కీర్తి డైపర్ తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడే నాకు తెలిసింది, ఇది ఎందుకో. తెలిసి కూడా నెలన్నర పాటు నోరు మూసుకున్నాను. కొడుకు ఏమంటాడోనని, కోడలి ముందు చులకనవుతానని భయపడ్డాను. మున్నీ ఒక్కతే ఒకరోజు గోడ మీది నుంచి వంగి నా చెవిలో అంది. "అమ్మా, బురా మత్ మానో, ఏమనుకోకుండ్రి. బచ్చీకి కడుపుల ఏం బీమారీ లేదు. దిల్‌ల భయం వడ్డది. మీరు గుంజుకున్న కొంగు మీరే మళ్ల ఇయ్యాలె." నాకు కోపం వచ్చింది. నా ఇంటి సంగతి నీకెందుకన్నట్టు ముఖం తిప్పుకున్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు చచ్చేంత సిగ్గేస్తోంది. నా మనవరాలిని ముట్టుకుని కడిగిన మనిషామె.

డాక్టరమ్మ చెప్పినవన్నీ మాత్రం తు.చ. తప్పకుండా చేశాను. రెండు వారాలకు బియ్యం డబ్బా వెనక నుంచి బాత్రూంలోకి వచ్చింది. మరో వారానికి డైపర్‌తో సీటు మీద కూర్చుంది. కాళ్ళ కింద మామయ్య భోజనం పీట వేశాను, ఆయన ఇప్పుడు చాప మీద తింటున్నారు. డైపర్ వదులు చేయబోతే మాత్రం రెండు చేతులతో పట్టుకునేది. ఎంత బుజ్జగించినా, బొమ్మలు చూపించినా అంతే. అక్కడే ఆగిపోయాం.

ఇవాళ పొద్దున సంగతి చెప్తాను. శుక్రవారం కదా, అదే ఎర్రంచు చీర కట్టుకుని, అగ్గిపెట్టె చేతిలోకి తీసుకున్నాను. ఎందుకో వెనక్కి తిరిగి చూశాను. పూజగది గడపకు అవతల, రెండు బారల దూరంలో కీర్తి నిలబడి ఉంది. చేతులు రెండూ వీపు వెనక కట్టుకుంది.

"నానమ్మా, కక్క వస్తుంది."

"డైపర్ కావాల్నా బిడ్డా?"

కాసేపు ఆలోచించి తల అడ్డంగా ఊపింది. "దా, పోదాం" అని చేయి చాపాను. అది రెండడుగులు వెనక్కి వేసింది.

"నువ్వు మడి. నేను ముట్టద్దు."

కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతోంది. అంత బాధలోనూ నన్ను తాకకూడదని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. నా మడిని ఆ పసిది కాపాడుతోంది పూజితా.

అగ్గిపెట్టె అక్కడే పడేసి దాన్ని ఎత్తుకున్నాను. సీటు మీద కూర్చోబెట్టి, తడి నేల మీదే నేను చతికిలబడి, కొంగు దాని పిడికిట్లో పెట్టాను. "గట్టిగ పట్టుకో. నేనెటు పోను" అన్నాను.

"మడి?" అంది.

"పోనియ్ తల్లీ."

చాలాసేపు పట్టింది. మధ్యలో ఒకసారి ఏడ్చింది, దిగుతానంది, మళ్ళీ కూర్చుంది. చివరికి నీళ్ళలో చప్పుడైంది. కీర్తి ఉలిక్కిపడింది. కిందికి చూడలేదు, నా ముఖంలోకి చూసింది. నేను ఛీ అంటానేమోనని చూసింది. నేను నవ్వాను, ఏడ్చాను, రెండూ ఒకేసారి వచ్చాయి. నా చేతులతో కడిగి, ఆ చీర చెంగుతోనే తుడిచాను.

"ఆ దినం నిన్ను దూరం పొమ్మన్న గద బిడ్డా. నీ తప్పేం లేకుండె. నాదే తప్పు" అన్నాను.

"మున్నీ ఆంటీ కడిగింది" అంది కీర్తి.

అన్నీ గుర్తున్నాయి దానికి.

తర్వాత చేతులూ కాళ్ళూ కడుక్కుని, అదే చీరతో, దాన్ని చంకనెత్తుకునే దీపం పెట్టాను. తప్పో ఒప్పో అమ్మవారే చూసుకుంటుంది. ఆ చీర ఉతికి బాత్రూం తలుపు వెనక కొక్కేనికి తగిలించాను. ఇక అది పూజకు కాదు, కీర్తి కూర్చున్నప్పుడు పట్టుకోవడానికి. రేపు మళ్ళీ డైపర్ అడగవచ్చు. అడిగితే ఇస్తాను. నెలలు పట్టినా నేను ఆ తడి నేల మీద కూర్చుంటాను.

నువ్వు మాత్రం రావద్దు తల్లీ. నువ్వు వెళ్ళినందుకు నీ బిడ్డకు ఏమీ కాలేదు. ట్రైనింగ్ పూర్తి చేసుకునే రా. ఈ ఉత్తరం పోస్టులో వేసి వచ్చాక శ్రవణ్‌కు, మామయ్యకు అంతా చెప్తాను. బుధవారం డాక్టరమ్మకూ నిజం చెప్తాను. మున్నీ దగ్గరికి ఎలా వెళ్ళాలో ఇంకా తెలియడం లేదు, కానీ వెళ్తాను. ఆ రోజు నవ్విన ఆడవాళ్ళందరికీ చెప్పే ధైర్యం వస్తుందో రాదో తెలియదు. నీకు కోపం వస్తే దాచుకోకు. ఎంత మాటన్నా పడతాను. ఒక్కటే అడుగుతున్నాను, ఉద్యోగంలో చేరడానికి నువ్వు మళ్ళీ బయల్దేరే రోజున కీర్తిని మళ్ళీ నా దగ్గర వదలాలా వద్దా అని నిన్ను నువ్వు ప్రశ్నించుకున్నప్పుడు, ఇవాళ్టి పొద్దును కూడా గుర్తు పెట్టుకో.

కీర్తి ఇప్పుడు నా ఒళ్ళో కూర్చుని కలం లాక్కుంటోంది. "మమ్మీకి ఏం రాయమంటవే?" అని అడిగాను.

"నానమ్మను ముట్టుకున్న అని రాయి" అంది. అదే రాస్తున్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం తలవంచుకుని ఎదురుచూసే
అత్తమ్మ,
నాగమణమ్మ