తోమిన సెన్సార్

అన్నయ్యా,

నవ్వనని మాట ఇస్తేనే ముందుకు చదువు.

మా పాత కారులో ఇంజన్ పొగను కొలిచే ఆక్సిజన్ సెన్సార్ పోయింది. మీ బావగారు దాన్ని విప్పి నా చేతికిచ్చి, "దీని మీద నంబరు చూపించి అలాంటిదే పట్రా" అన్నారు. అంత మసిపట్టినదాన్ని నలుగురు మగాళ్లుండే షాపులో బయటికి తీయాలంటే నాకు సిగ్గేసింది. చూసినవాళ్లు మా ఇల్లే అలా ఉంటుందనుకోరూ? పీచు, సబ్బుపొడి పెట్టి అరగంట తోమాను. మసితోపాటు నంబరూ పోయింది.

ఆరడానికి కిటికీలో పెడితే ఆయన చూశారు. "అప్పుడే తెచ్చేశావా! నోట్లో నాలుక లేదనుకున్నాను, గట్టిదానివే" అన్నారు. పెళ్లయ్యాక నన్ను మెచ్చుకోవడం అదే మొదలు. ఆ మెప్పు చెడగొట్టుకోలేక పానా అందించాను. ఆయన దాన్నే బిగించేశారు.

స్టీరింగు ముందు వెలుగుతున్న ఇంజన్ లైటు ఆరితేనా! "కొత్తది వేసినా ఇంతేనంటే ఇంజనే పోయింది, రేపు విప్పించేస్తా" అంటున్నారు. కారు నాలుగు రోజులు కదలకపోతే బడిపిల్లల్ని దింపే పని ఇంకొకరికి పోతుంది.

నీ స్పేర్ పార్టుల షాపు పుస్తకం చూసి సరైనది నువ్వే ఎంచి పంపు. వైర్లు నాలుగు: రెండు తెల్లవి, ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది. ఇంజన్ దగ్గర ఉండేది, వెనక గొట్టంలోది కాదు. కారు మోడలూ సంవత్సరమూ కాగితం వెనక రాశాను.

ఈ కవరు అంటించకుండా ఆయనకే ఇస్తాను. నోటితో చెప్పలేనిది చదువుకుని, ఆయనే అంటించి పోస్టులో వేస్తారు. అంతసేపూ నేను వంటింట్లో గిన్నెలు తోముతుంటాను. నాకు బాగా వచ్చిన పని అదొక్కటే కదా.

నీ చెల్లెలు