నలుపు కింద నీలం

మార్చి 3

సభకి వెళ్ళొద్దని నాన్న గొడవ. కరపత్రాలు కూడు పెడతాయా అన్నాడు. భయపడుతూ బతికేది కూడా ఒక బతుకేనా అన్నాను. అక్కడితో ఆగలేదు. స్టాండేసి ఉన్న మోటారుసైకిల్‌ని ఒక్క తన్ను తన్నాను. అది వెళ్ళి మెట్టు అంచు మీద పడింది. పెట్రోల్ ట్యాంకు కుడివైపు అరచేయంత సొట్ట. తన్నాలనుకున్నది వ్యవస్థని. తగిలింది నా బండికి. నాన్న వాడి వాడి పోయినేడే నాకిచ్చిన బండి.

మార్చి 4

కొత్త ట్యాంకు ధర మెకానిక్ చెబితే నవ్వొచ్చింది. సొట్టలో పుటీ మెత్తి పూడ్చి రంగు కొట్టించుకో, ఎవడికీ తెలియదు అన్నాడు. ఎవడికీ తెలియదు అనేసరికి నాకు మండింది. పుటీ అంటే అబద్ధం, సొట్టని ఒప్పుకుని రేకుని బయటికి లాగాలి అని ఉపన్యాసం ఇచ్చాను. అలాగే లాగండి సార్, మా పానాలు, సుత్తులు మాత్రం అడక్కండి అన్నాడు.

నేనే చేస్తా. ప్రెస్సులో కరపత్రాలు మడతపెట్టినందుకు వచ్చిందే నా బడ్జెట్.

మార్చి 5, ఉదయం

ట్యాంకు విప్పి, పెట్రోలు వంపేసి, వాసన పోయేదాకా సబ్బునీళ్ళతో కడిగి ఎండలో పెట్టాను. రేకు వేడిచేయడానికి సెలూన్ అతను హెయిర్ డ్రయ్యర్ ఇచ్చాడు. లాగడానికి పట్టు కావాలి. పక్క వాటాలో ఉండే టైలర్ అత్త మందపాటి కోటు బొత్తాలు నాలుగు ఇచ్చింది. బొత్తాన్ని రేకుకి జిగురుతో అంటించు, రంధ్రాల్లోంచి తోలుదారం వేసి లాగు అంది. నాయకుడుగారూ, ముందు ట్యాంకుకి విముక్తి కలిగించండి, మా సంగతి తర్వాత చూద్దురు అని నవ్వింది.

ఆమె మాకు చుట్టం కాదు. ఏడేళ్ళ కింద వానలో సైకిల్ మీద వస్తుంటే ఎవడో మోటారుసైకిల్‌వాడు గుద్ది పారిపోయాడు. నీలం బండి అన్నదొక్కటే ఆమెకి గుర్తు. కుడి పాదం మళ్ళీ నేల మీద సరిగా ఆనలేదు. మిషను ఎడమకాలితోనే తొక్కుతుంది. ఆ రోజు ఆమెని ఆస్పత్రికి చేర్చింది నాన్న. అప్పట్నించీ ఆయన్ని అన్నయ్యా అంటుంది కాబట్టి నాకు అత్తయింది. ఈ వాటా చూసిపెట్టిందీ నాన్నే. రోజూ ఆమె నీళ్ళ క్యాను మోసేదీ నాన్నే. ఈ ఒక్క విషయంలో ఆయనకి దణ్ణం పెట్టొచ్చు.

గుద్దినవాడు దొరికితే వాడి పేరు గోడలన్నిటి మీదా ఎర్రరంగుతో రాస్తానని అత్తకి మాటిచ్చి ఉన్నాను. రంగు డబ్బా కొని మంచం కింద పెట్టాను కూడా.

మార్చి 5, సాయంత్రం

బొత్తాం లాగితే రంగు పెచ్చుతో సహా ఊడొచ్చింది. పెచ్చు కింద రేకు లేదు. పుటీ. చిటికెన వేలంత మందం. నాకంటే ముందే ఎవడో పూడ్చాడు.

మార్చి 6, మధ్యాహ్నం

పుటీ మీద జిగురు నిలవదు. రేకు తేలేదాకా గీకాల్సిందే. సాండ్‌పేపర్ పట్టాను. నలుపు పోయింది. బూడిదరంగు ప్రైమర్ పోయింది. దాని కింద నీలం.

మార్చి 6, 2 గంటలు

ఏడేళ్ళ కింద, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, బండికి ఏ రంగు వేయిద్దాం రా అని నాన్న అడిగాడు. నలుపు అన్నాను. దర్జాగా ఉంటుందని. ఉన్న రంగుకి ఏమొచ్చిందని అడగలేదు.

మార్చి 6, 4 గంటలు

నా సొట్ట నడుమ ఇంకో సొట్ట ఉంది. చిన్నది, లోతైనది, గుండ్రటిది. కోటు బొత్తాం అందులో అచ్చంగా కూర్చుంది. అంచు మడతలో ఎర్రరబ్బరు గీత.

అత్త పాత సైకిల్ వాళ్ళ వరండాలోనే ఉంటుంది. వెళ్ళాను. బొత్తాలు తిరిగివ్వడానికి వచ్చావా అంది. ఊ అన్నాను. ఆమె లోపలికి తిరగగానే బొత్తాన్ని హ్యాండిల్ చివర పెట్టి చూశాను. ఎర్రరబ్బరు తొడుగు. సరిగ్గా అంతే.

ఆమె టీ తాగి వెళ్ళమంది. తాగాను.

మార్చి 7

నాన్న బస్సు డ్రైవర్. హాల్లో ఫ్రేము కట్టిన సర్టిఫికెట్ ఉంది. ఇరవై ఏళ్ళు ఒక్క ప్రమాదమూ చెయ్యనందుకు. అన్నం తింటూ దాన్నే చూశాను.

మార్చి 8

నాన్న డ్యూటీ నుంచి వచ్చేసరికి ట్యాంకు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. అరుద్దామనుకున్నాను. సొట్ట ఆయన వైపు తిప్పాను. పుటీ మొత్తం తీసేశావా అన్నాడు. చెప్పులతోనే ఎదురుగా కూర్చున్నాడు.

వానట. బ్రేకు పట్టలేదట. ఆగితే లైసెన్సు పోతుంది, లైసెన్సు పోతే ఇల్లు పోతుంది అనిపించిందట. మలుపు తిరిగాక బండి వదిలేసి వెనక్కి పరిగెత్తాడట. ఆమె ఎవరన్నా ఆటో పిలవండి అంటోందట. పిలిచాడు. దారంతా ఆమె పాదం తన ఒళ్ళో పెట్టుకున్నాడట. నువ్వు దేవుడిలా వచ్చావు అన్నయ్యా అందట. ఆ మాటతో నా నోరు కుట్టేసింది రా అన్నాడు.

రాస్తానన్నావుగా గోడ మీద, రాయి అన్నాడు.

మార్చి 9

డబ్బా మూత తీశాను. ఇంటిపేరుతో మొదలుపెట్టాలి. అది నాది కూడా.

మార్చి 10

గోడకి కాదు, ఆమెకి చెప్పాలి, నువ్వే చెప్పాలి అన్నాను. ఒక్కరోజు ఆగమన్నాడు. ఏడేళ్ళు ఆగావు చాల్లే అన్నాను. అని, ఆగాను.

మార్చి 11, ఉదయం 10

నాన్న సెలవు పెట్టాడు. ట్యాంకు చంకలో పెట్టుకుని పక్క వాటాకి వెళ్ళాడు. గోడకి చెవి ఆనించాను. మాటలు వినపడలేదు. మిషను ఆగింది.

10.40

మిషను ఇంకా మొదలవలేదు.

సాయంత్రం

అత్త వచ్చింది. ట్యాంకు నా చేతిలో పెట్టింది. రంగు వెయ్యకు, ఆ గుంట అలాగే ఉండనీ, తుప్పు పట్టకుండా ఇది రుద్దు అని మిషను నూనె సీసా ఇచ్చింది. రేపు మీ నాన్న డిపోకి వెళ్ళి జరిగింది జరిగినట్టు రాసిస్తాడు, నేనూ ఈ బండి మీదే వెళతాను అంది.

ఇన్నేళ్ళలో మొదటిసారి మీ నాన్న అంది. అన్నయ్య అనలేదు.

మార్చి 12, ఉదయం 9

ట్యాంకు బిగించాను. నాన్న బండి తీశాడు. అత్త వెనక కూర్చుంది. కుడి పాదం ఫుట్‌రెస్టు మీద ఆనకపోతే నేను వంగి పెట్టాను. డిపోలో తిరిగిచ్చేయడానికి హాల్లోని సర్టిఫికెట్ ఫ్రేము ఆమె ఒళ్ళో ఉంది. మలుపు దాకా నడక వేగంతో వెళ్ళారు.