ఫుండీ అంటే పేరు కాదట, బీబీ

బౌషర్, ఏప్రిల్ 12. బట్టలు ఉతికాను, బియ్యం ఏరాను, మీ చెక్కబొమ్మకు దుమ్ము తుడిచాను.

బీబీ, ఈ గల్ఫ్ ఊరికి వచ్చిన కొత్తలో నాకు జ్వరమొస్తే పక్కింటి నుంచి గంజి కాచి తెచ్చింది మీరే. కన్నుమూసేముందు మీ జాంజిబార్ బొమ్మను నాకు అప్పగించి, "ఫుండీ చెక్కాడు. నా మనవరాలికి ఇచ్చేటప్పుడు ఆ మాట చెప్పు" అన్నారు.

ఈ రోజు మీ మనవరాలు అమీనా వచ్చింది. "ఫుండీగారు చెక్కారమ్మా" అన్నాను. పకపకా నవ్వింది.

"ఆంటీ, మా భాషలో ఫుండీ అంటే మేస్త్రీ! మా కుళాయి బాగుచేసేవాడూ ఫుండీయే!"

నాకూ నవ్వొచ్చింది. అయినా చేసినవాడి పేరు లేకుండా బొమ్మ ఇవ్వబుద్ధి కాలేదు. అమీనా జాంజిబార్‌లోని మీ చెల్లెలికి ఫోన్ చేసింది. మీ పెళ్ళికి అక్కడి మీ పక్కింటి జుమా చెక్కి ఇచ్చాడట.

ఆ పేరు చిన్న కాగితం మీద రాసి, బొమ్మ అడుగున అంటించి, అమీనా చేతిలో పెట్టాను. మీకిచ్చిన మాట బాకీ తీరింది.