పలకకు పెట్టిన బొట్టు

రాజన్నా, అక్షరాలు పెద్దవైతే నువ్వు పురాణం చదవడం మానేవాడివా, చెప్పు?

నువ్వు పద్యం చదివితే నేను అర్థం చెప్పేవాణ్ణి. కళ్లు ఆనడం లేదని సిగ్గుపడి నువ్వు ఇల్లు కదలలేదు. అట్లాగే లోకం విడిచి వెళ్లిపోయావు.

అల్లుడు కామారెడ్డిలో కొనిచ్చిన ఈ-రీడర్‌లో పాత పురాణాలెన్నో ఉచితంగా దొరుకుతున్నాయి. అక్షరాన్ని గుమ్మడిగింజంత చేసుకోవచ్చు. నిన్న ఎల్లారెడ్డిలో పురాణం చెప్పడానికి దాన్ని వ్యాసపీఠం మీద పెడితే, ఒక అవ్వ వచ్చి అద్దానికి కుంకుమ బొట్టు పెట్టింది.

"అవ్వా, గిది పలక."

"దేవుని మాట జెప్తది గద, గ్రంథమే. చదివే అన్న ఏడి?"

పద్యమూ అర్థమూ నేనే చెప్పాను. బొట్టు తుడవలేదు. చివరికి జనంతో అన్నాను: "మీ ఇంట్ల కండ్లు కనపడని పెద్దోళ్లుంటే రేపనకుండ్రి. ఇయ్యాల్నే పక్కన కూసోని చదివి ఇనిపియ్యుండ్రి."